ఈల వేసినవాడు లేచి నిలబడాలి

బాపట్ల డిబేట్ పోటీలో ఫస్ట్ ప్రైజు కొట్టావు, టీ ఎప్పుడు తాగిస్తావని పదిహేను రోజులుగా నా ప్రాణం తీస్తున్నారు కదా! తాగిస్తాను, ఎక్కడికీ పారిపోను. కాకపోతే ఆ కప్పు ఎలా వచ్చిందో ముందు వినండి. ఇంట్లో దాన్ని బీరువా వెనక్కి తోసేశాను. కంటపడితే చాలు, నా మొహం నాకే చూపించినట్టుంటుంది.

మా నాన్న సంగతి మీలో కొందరికి తెలుసు. తెనాలిలో ప్రెస్సులో కంపోజిటరు. ముప్పై ఏళ్లు ట్రెడిల్ మిషను పక్కన నిలబడి అక్షరాలు పేర్చాడు. ఆ ధడధడల్లో చెవులు రెండూ పోగొట్టుకున్నాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు గానీ, పెళ్లి శుభలేఖలో ఒక్క కొమ్ము తప్పిపోతే గుమ్మంలోనుంచే పట్టేస్తాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా అమ్మ ఆయన్ని మద్రాసు లాక్కెళ్లి చెవి మిషను కొనిపించింది. సిగరెట్ పెట్టె అంత డబ్బా. దాన్ని చొక్కా జేబులో పెట్టుకోవాలి. డబ్బానుంచి ఒక వైరు, వైరు చివర చెవిలో దూర్చుకునే బొత్తాం. పక్కన చిన్న పళ్ల చక్రం ఉంటుంది, తిప్పితే ఆన్ అవుతుంది, ఇంకా తిప్పితే సౌండు పెరుగుతుంది. అంతే! మా వీధిలో జనం దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లు.

"ఏంటన్నయ్యగారూ, రేడియోనా? వార్తలొస్తాయా?" అని ఎదురింటి పిన్ని అడిగింది.

"వార్తలు రావమ్మా. దీంట్లో ఒకటే స్టేషను. మా ఆవిడ" అన్నాడు నాన్న.

ఆ స్టేషను మూడేళ్ల కిందట ఆగిపోయింది. అమ్మ పోయాక కూడా నాన్న పొద్దున్నే మొహం కడుక్కుని, డబ్బా తుడుచుకుని, బ్యాటరీ చూసుకుని జేబులో పెట్టుకునేవాడు. దాని తోలు తొడుగు ఎప్పుడో చిరిగింది. అమ్మ పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన సంచీలో ఉంటుంది ఇప్పుడు. వైరు రెండుసార్లు మారింది. రేపల్లెలో ఉండే మా బావ, అంటే మా అక్క మొగుడు, "మావయ్యా, ఇప్పుడు చెవి వెనక పెట్టుకునేవి వచ్చాయి, వైరూ గియిరూ ఉండదు, మద్రాసునుంచి తెప్పిస్తాను" అని ఎన్నోసార్లు చెప్పాడు. నాన్న వినలేదు. "మీ అత్తయ్య గొంతు నాకు దీంట్లోనే అలవాటు. కొత్తదాంట్లో ఎలా ఉండేదో నాకేం తెలుసు?" అన్నాడు. ఆ తర్వాత బావ మళ్లీ అడగలేదు.

కానీ మిషనుకి ఒక జబ్బు పట్టుకుంది. అమ్మ పోయాక నాన్న బాగా చిక్కిపోయాడు. చెవిలో బొత్తాం వదులైంది. సౌండు కొంచెం పెంచాడా, లోపలి శబ్దం బయటికి కారి, మళ్లీ డబ్బాలోకి దూరి, కుయ్య్ మని ఈల! తమాషా ఏంటంటే, ఆ ఈల ఊరందరికీ వినపడుతుంది, ఆయనకి తప్ప. ఒకసారి రేపల్లె బస్సులో అది కుయ్యిమంటే డ్రైవరు కండక్టరే ఈల వేశాడనుకుని బస్సు ఆపేశాడు. కండక్టరు వెనక్కి తిరిగి, "ఎవరండీ నా ఉద్యోగం చేస్తున్నారు?" అన్నాడు. బస్సంతా నవ్వు. అందరూ నవ్వుతున్నారని నాన్న కూడా నవ్వాడు. నేను మాత్రం కిటికీవైపు తిరిగిపోయాను.

అదే నా మనసులో పడిపోయింది.

నేను డిబేట్లలో మాట్లాడ్డం నాన్న ఎప్పుడూ వినలేదు. అమ్మ ఉండగా ఆవిడే వచ్చి విని, ఇంటికెళ్లి ఆయనకి చెప్పేది. "ఒక్కసారి మైకులో వింటానే అమ్మాయ్, మైకయితే నాకు బాగా అందుతుంది" అని ఈ ఏడాదిలో నాలుగుసార్లు అడిగాడు. బాపట్ల పోటీ అనగానే నేనే ముందు అడ్డుకట్ట వేశాను.

"అక్కడికి పెద్దవాళ్లెవరూ రారు నాన్నా. అంతా స్టూడెంట్సే."

"అట్లాగా? సరేలేమ్మా."

ఎంత తేలిగ్గా ఆడేశానో చూడండి అబద్ధం! మామూలుగా ఒక పాయింటు చెప్పాలంటే మూడు ఉదాహరణలు వెతుక్కునేదాన్ని.

నాకు తెలియంది ఏంటంటే, ఆ పోటీ కరపత్రం మా నాన్న ప్రెస్సుకే వచ్చింది. తారీఖు, టైము, వక్తల పేర్లు అన్నీ ఆయన చేత్తోనే పేర్చాడు. "తల్లిదండ్రులకు ఆహ్వానం" అన్న లైను కూడా. అందరి పేర్లూ సన్న టైపులో వేసి, నా పేరు ఒక్కటీ లావు టైపులో వేశాడు. పోటీ పెట్టినవాళ్లు, "ఈ అమ్మాయి ఎవరైనా మంత్రిగారి కూతురా?" అని అడిగారట.

ఇక ఆ రోజు. నేను కాలేజీ వాళ్లతో పొద్దున పాసింజరులో వెళ్లాను. విషయం, ఆడవాళ్లు ఉద్యోగాలు చెయ్యాలా వద్దా. నా ముందు మాట్లాడిన అబ్బాయి, "వీళ్లు ఆఫీసులకొస్తే ఫైళ్లన్నీ పోపు వాసనేస్తాయి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైకు ముందుకెళ్లి అందుకున్నాను. "పోపు వాసన పడనివాడు పొద్దున ఏం తిని వచ్చాడో చెప్పాలి!" చప్పట్లు! మంచి ఊపులో ఉన్నాను. రెండో నిమిషంలో వెనక వరసల్లోనుంచి వినపడింది.

కుయ్య్.

ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ కుయ్య్, ఈసారి పొడుగ్గా. కుర్రాళ్లు కిసుక్కుమన్నారు.

ఆ ఈల నాకు కొత్తా చెప్పండి? రోజూ మా వంటింట్లో వినేదే! కానీ స్టేజీ మీద నిలబడ్డదాన్ని కదా, నేను వినాలనుకున్నదే విన్నాను. ఆడపిల్ల మాట్లాడుతుంటే ఈల వేసే ఆకతాయి. అంతే, టాపిక్కు వదిలేశాను.

"ఆగండి! ఆడది నోరు తెరిస్తే జవాబు చెప్పడం చేతకానివాడు ఏం చేస్తాడు? చీకట్లో కూర్చుని ఈల వేస్తాడు! పేరు లేని పిరికివాడు! ఆ ఈల వేసినవాడు లేచి నిలబడాలి! తన మొహం ఈ సభకి చూపించాలి!"

హాలు దద్దరిల్లింది. నేను గొంతు పెంచినకొద్దీ ఈల కూడా పెరిగింది. ఎందుకు పెరగదు? కూతురు ఏదో గట్టిగా చెబుతోందని, ఒక్క ముక్క కూడా పోగూడదని, ఆయన చక్రం చివరిదాకా తిప్పేశాడు!

"ఇదుగో! ఈయనే! ఈయన జేబులోంచే!" అని వెనకనుంచి కేకలు. జనమంతా అటు తిరిగారు. కుర్రాడొకడు ఆయన భుజం తట్టాడు.

నాన్న లేచి నిలబడ్డాడు.

ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె. తలలన్నీ తనవైపు తిరిగాయి, చేతులన్నీ చప్పట్లు కొడుతున్నాయి. ఆయనేమనుకున్నాడో నాకు ఆయన మొహంలోనే తెలిసిపోయింది. మా నాన్న వచ్చాడని నేను సభకి చెప్పాననుకున్నాడు. నవ్వుతూ రెండు చేతులూ జోడించి ఈ పక్కకీ ఆ పక్కకీ నమస్కారం పెట్టాడు. జేబులో డబ్బా కుయ్యిమంటూనే ఉంది. జనం పడీ పడీ నవ్వుతున్నారు.

అప్పుడాయన నావైపు చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో మరి, నవ్వు ఆగిపోయింది. చెయ్యి జేబులోకి వెళ్లింది. ఈల ఆగింది.

"ఎవరమ్మా ఆ పెద్దాయన? నీకు తెలుసా?" అని అధ్యక్షులవారు నన్నడిగారు.

"మా నాన్నండి." రెండే రెండు మాటలు. ఆ ఈల చెవి మిషనుదని చెప్పకుండా నేను కాయితంవైపు చూశాను.

"సరే, ఆయన్ని కాస్త బయట కూర్చోబెట్టండి బాబూ. నువ్వు కానివ్వమ్మా, ఇంకా రెండు నిమిషాలుంది."

నోరు పెగల్లేదని మీకు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ తర్వాత రెండు నిమిషాలూ ఎక్కడా తడబడకుండా మాట్లాడానే! నోరు లక్షణంగానే ఉంది. కప్పు కూడా ఇచ్చారు. "ఆటంకానికి చలించకుండా ప్రసంగాన్ని కొనసాగించిన ధైర్యానికి ప్రత్యేక అభినందనలు" అని మైకులో చెప్పి మరీ ఇచ్చారు.

బయట సైకిల్ స్టాండు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు నాన్న. డబ్బా గుడ్డ సంచీలో పెట్టేసి, తాడు బిగించేశాడు. నన్ను చూడగానే లేచాడు.

"చాలా బాగా మాట్లాడావమ్మా."

"ఏం విన్నావు నాన్నా?" అన్నాను. ఆయన నా పెదాలు చదవగలడు.

"చప్పట్లు చూశాగా, కిటికీలోంచి."

తిరుగు రైల్లో కప్పు తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ, "మా అమ్మాయికి వచ్చిందండి" అని చూపించాడు. "దేనికిచ్చారండీ?" అని వాళ్లడిగితే వినపడక, మళ్లీ "మా అమ్మాయేనండి" అన్నాడు. నేను పక్కనే కూర్చుని నిడుబ్రోలు దాటేదాకా తల ఎత్తలేదు.

ఆ మర్నాటినుంచి ఇంట్లో మిషను పెట్టుకోవడం మానేశాడు. కోపం ఉందా అంటే లేదు. అన్నం బాగుందంటాడు, పొడుం డబ్బీ ఎక్కడుందంటాడు. జేబులో మాత్రం డబ్బా లేదు. గదమాయించాను, బతిమాలాను, అటు తిరిగి కూర్చున్నాను. చెవులు తీసి పక్కన పెట్టేసినవాడితో ఏ వాదన చేస్తారండి? చివరికి ప్రూఫు కాయితం వెనక, "మిషను పెట్టుకో నాన్నా" అని రాసిచ్చాను. ఒక దీర్ఘం మర్చిపోయానట, ఎర్ర సిరాతో దిద్ది తిరిగిచ్చాడు.

వారం తిరక్కుండా, "మనవరాలు మాటలు నేర్చిందట, చూసొస్తాను" అని రేపల్లె అక్క వాళ్లింటికి వెళ్లిపోయాడు. మొన్న ఆదివారం నేనూ వెళ్లాను. వీధి మొగలోనే వినపడింది, కుయ్య్! దాని వెనకే చిన్నపిల్ల గొంతు, కుయ్యీ! మిషను ఈల వేస్తే అక్క కూతురు తిరిగి ఈల వేస్తోంది. నాన్న అరుగు మీద కూర్చుని దాని మాటలు వింటూ పడీ పడీ నవ్వుతున్నాడు. అంటే అక్కడ పెట్టుకుంటున్నాడన్నమాట!

నన్ను చూశాడు. గబగబా చక్రం తిప్పేసి, బొత్తాం పీకి జేబులో కుక్కేశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా.

"ఎందుకు తీశావు?"

"నీకు నామర్దా కదమ్మా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు. కాళ్లు కడుక్కోమన్నట్టు, అంత మామూలుగా అన్నాడు.

అక్క గుమ్మంలోకి వచ్చి, "ఏం చేశావే నాన్నని? నీ పేరెత్తితే చాలు, జేబు తడుముకుంటున్నాడు!" అంది. జరిగిందంతా చెప్పాను. అక్క ఒక్కటే అంది, "మమ్మల్ని ఎవరన్నా ఒక మాటంటే ఊరుకోవు గదా నువ్వు. నాన్నని నువ్వే అంటే ఎవరు అడగాలే?"

ఇక ఆగలేకపోయాను. ఆయన ముందు కూర్చుని, జేబులోంచి డబ్బా తీసి తగిలించి, బొత్తాం నా చేత్తోనే చెవిలో పెట్టి మొదలుపెట్టాను. ఆ బస్సునుంచి ఎత్తుకుని, అబద్ధం ఎందుకాడానో, సభలో ఎందుకు నోరు మూసుకున్నానో, అది ఎంత నీచమో, తల దించుకుని ఏడుస్తూ పావుగంట చెప్పాను. నా జన్మలో అంత బాగా ఎక్కడా మాట్లాడలేదు. అంతా అయ్యాక తలెత్తితే నాన్న నా తల నిమురుతున్నాడు.

"చక్రం తిప్పావటే?" అంది అక్క.

తిప్పలేదు! డబ్బా ఆన్ చెయ్యనే లేదు!

నాన్నే తిప్పాడు. వెంటనే కుయ్య్. ఉలిక్కిపడి, నా మొహంలోకి చూసి, బొత్తాం మీద వేలు గట్టిగా నొక్కేశాడు. ఈల ఆగింది. "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు.

"నాన్నా, నాది తప్పు" అన్నాను. ఇంకేం రాలేదు.

"ఇంతేనా? ఇందాక చాలాసేపు చెప్పావే!"

"అదంతా వాదన నాన్నా."

మర్నాడు నాతోపాటే తెనాలి వచ్చేశాడు. ఇప్పుడు ఇంట్లో మిషను పెట్టుకుంటున్నాడు. కానీ నేను నోరు తెరవగానే ఆయన వేలు చెవి మీదికి వెళ్లిపోతుంది, ఎక్కడ ఈల వేస్తుందోనని. వెయ్యనీ నాన్నా, పర్లేదు, అని ఎన్నిసార్లు చెప్పానో! తలూపుతాడు. వేలు మాత్రం తియ్యడు. అన్నం తినేటప్పుడైనా సరే, ఎడమచేతి వేలు నొక్కిపెట్టే నా మాటలు వింటాడు.

నిన్న పొద్దున పాలావిడ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. నేను మాట్లాడుతున్నాను, నాన్న చెవి మూసుకుని కూర్చున్నాడు. "ఎంత కన్నబిడ్డయితే మాత్రం, ఎంతసేపని భరిస్తాడమ్మా?" అని జాలిపడి పాలు పోసి వెళ్లింది. కాదని వాదించబోయాను. ఒక్క పాయింటు దొరకలేదు.