తడి లేని క్యాన్లు

ఆ వీధుల్లో ఆమెను అందరూ చుక్క పెద్దమ్మ అనేవారు. పాలు కొలిచే ప్రతి గుమ్మంలోనూ "చుక్క నీళ్ళుంటే నా మొహాన పొయ్యండి" అనేది గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమెకు పెళ్ళయిన కొత్తలో, భర్త పోసినవి నీళ్ళ పాలని ఒకావిడ నడివీధిలో గిన్నె వంచి ఒలకబోసిందట. నిజానికి ఆయనేమీ కలపలేదు. కడిగిన క్యాను అడుగున మిగిలిపోయిన నీళ్ళవి. చెబితే ఎవరు వింటారు? బతికినన్నాళ్ళూ ఆ మాట ఆయన్ని తలెత్తుకోనివ్వలేదు. అప్పటినుంచి పెద్దమ్మ సలసల కాగే నీళ్ళతో క్యాన్లు కడిగి, నడుముకు కట్టుకున్న గుడ్డతో లోపలంతా తుడిచేది. ఆవిడ తుడిచిన క్యానులో ఈగ పడితే దాహంతో చస్తుందని వీధిలో వేళాకోళం.

ఊళ్ళో పసిపిల్లలకు వరసగా విరేచనాలు పట్టుకున్నాక మునిసిపాలిటీ కళ్ళు తెరిచింది. పాలమ్మేవాళ్ళందరికీ లైసెన్సు కింద ఇత్తడి బిళ్ళలిచ్చారు. పాల పరీక్షలో తప్పితే బిళ్ళ పోతుంది, బిళ్ళ పోతే బేరం పోతుంది. నీళ్ళు కలిపేవాళ్ళకు కదా భయం అని పెద్దమ్మ నవ్వింది. తీరా చూస్తే ఆమె పాలల్లో నీళ్ళు లేవు గానీ, క్రిములు మాత్రం అందరికంటే ఎక్కువున్నాయి.

పాల ఇనస్పెక్టరు కుర్రవాడే అయినా నిదానస్తుడు. బిళ్ళ లాక్కోకుండా ఆమె పెరట్లో పీట వేసుకు కూర్చుని, క్యాన్లు కడగడం మొదటినుంచీ చూశాడు. అంతా సవ్యంగానే ఉంది, ఆమె గుడ్డ తీసేదాకా.

"మరిగే నీళ్ళతో వదిలించిన మురికిని మళ్ళీ గుడ్డతో లోపల పెడుతున్నావు పెద్దమ్మా. బోర్లించి వదిలెయ్, అదే ఆరుతుంది."

"ఆరకపోతే?"

"చుక్క మిగిలినా పర్లేదు."

"నీకు పర్లేదు బాబూ. క్యానుకైతే మూతుంది, ఊరి నోటికేం పెడతావ్?"

గొణిగినా చివరికి ఒప్పుకుంది. పక్కనే ఉండి అంతా విన్న కోడలు అప్పటికప్పుడు ఆ గుడ్డను పొయ్యిలో పడేసి, క్యాన్లు బోర్లించడానికి సందులున్న చెక్కబద్దల బల్ల ఒకటి చేయించింది. ఇంకొక్కసారి తప్పితే తన చేతుల్లో ఏమీ ఉండదని ఇనస్పెక్టరు వెళ్తూ ఇద్దరికీ చెప్పాడు.

మళ్ళీ పరీక్షనాడు ముసురు పట్టింది. క్యాన్లు ఆరలేదు. కోడలు పాలు పితుకుతోంది. పెద్దమ్మ ఒక క్యాను ఎత్తి వెలుతురుకేసి వంచింది. అడుగున చుక్క మెరుస్తోంది. చెయ్యి దానంతటదే భుజందాకా లోపలికి పోయింది. అరచేత్తో తుడిచేసింది. ఒకటి తుడిచాక మిగతావి ఎలా వదుల్తుంది?

మళ్ళీ తప్పిందన్న ఫలితం తెచ్చిన ఇనస్పెక్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. మళ్ళీ గుడ్డ వాడారా అని కోడల్ని అడిగాడు. లేదని ఆమె ఒట్టేసింది, అతను నమ్మలేదు. కోడలి మొహం చూడలేక పెద్దమ్మ తన కుడిచేతిని ముందుకు చాపింది.

"గుడ్డ కాదు బాబూ, ఇది. చుక్క కనపడింది, ఉండబట్టలేకపోయాను."

బిళ్ళ తనే విప్పి ఇచ్చింది. కావాలంటే కోడలి పేర ఇంకోటి అడగండి, అయితే పెద్దమ్మ క్యాను ముట్టకూడదు అన్నాడతను.

ఇప్పుడు ఆ గుమ్మాల్లో కోడలే పాలు పోస్తోంది. పెద్దమ్మ పెరట్లో బల్లకు వీపు పెట్టి కూర్చుంటుంది. వెనక క్యాన్లనుంచి చుక్కలు రాలుతున్నంతసేపూ ఒక చేత్తో రెండో చేతిని ఒళ్ళో అదిమి పట్టుకుంటుంది.