వంద మిల్లీసెకన్ల తర్వాత

మంగళవారం పొద్దున సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సార్ లేడమ్మా. చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండు" అన్నారు. సీతాఫల్‌మండిలోని ఆ రెండు గదుల ఇంటికి వెళ్లేసరికి టీపాయ్ మీద ఆయన ఫీల్డ్ నోట్‌బుక్ తెరిచే ఉంది. నా చేతిరాత ఉన్న పేజీ.

మా పని నేల కింద ఏముందో వినడం. ఇనుప పలక మీద సుత్తితో కొడితే ఆ అదురు లోపలికి పోయి, రాతికి తగిలి వెనక్కి వస్తుంది. వరసగా నేలలో గుచ్చిన జియోఫోన్లు దాన్ని పట్టుకుంటాయి. ఎంతసేపు వినాలో మాత్రం వాటిని తగిలించిన రికార్డింగ్ మిషన్‌కి మనమే చెప్పాలి. ఆ 'ఎంతసేపు' నాకు నేర్పింది సారే.

ఏ సైట్లోనూ ఆయన నిన్నటి సెట్టింగులు వాడలేదు. ముందు చెప్పులు విడిచి నిలబడేవారు. ఎక్కడో బోరు మోటరు తిరుగుతుంటే అరికాళ్లకే తెలిసేది. నాలుగు పరీక్ష దెబ్బలు కొట్టించాకే అసలు రికార్డింగ్. ఆయన అరచెయ్యి పైకెత్తితే గల్లీ మొత్తం ఆగాల్సిందే. మిషన్ ఆగాక కూడా ఆ చెయ్యి కాసేపు దిగేది కాదు.

"అయిపోయిందండీ సార్."

"మిషన్‌కి అయింది. నేలకి అయిందా?"

నోట్‌బుక్‌లో ప్రతి సెట్టింగ్ పక్కన 'ఎందుకు' అని ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలితే ఆ రోజు మనకి చాయ్ ఉండదు.

మౌలాలి దగ్గరి ప్లాటుకి జ్వరం వల్ల ఆయన రాలేదు. ఎండ మండుతోంది, సూపర్‌వైజర్ తొందరపెడుతున్నాడు. అంతకుముందు సైట్లో రాయి పైపైనే దొరికింది కదా అని ఇక్కడా అదే వంద మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదో వంతు, వినమని పెట్టాను. పరీక్ష దెబ్బలు మానేశాను. గడిలో 'మామూలే' అని రాశాను. రికార్డులో ఒక చివర రాయి గీతలా చక్కగా కనబడింది. మధ్యకొచ్చేసరికి గీత కిందికి వంగి అడుగున మాయమైంది. ఏదో చప్పుడు పాడుచేసిందనుకుని, ప్లాటు అవతలి గోడ దాకా గీత నేనే తిన్నగా గీసేశాను. సెల్లార్ తవ్వుకోవచ్చని రిపోర్టు వెళ్లిపోయింది.

ఆదివారం సార్ చూశారు. తిట్టినా బాగుండేది.

"రాయి యాడుందో నీకు ముందుగాల్నే ఎర్కైతే మనమెందుకు బిడ్డా? గీత మాయం కాలే. నువ్వే వినుడు బంద్ చేసినవ్. ఆడ పాత క్వారీ ఉండె, మట్టి పోసి నింపిన్రు, తవ్వితే కూలుతది. గురువారం పోదాం. అప్పటిదాంక తవ్వొద్దని చెప్పు."

టీపాయ్ మీద తెరిచి ఉన్న ఆ పేజీలో 'మామూలే' కొట్టేసి ఉంది. కింద పెన్సిల్‌తో ఒక ముక్క: 'గురువారం చెయ్యి ఆమెనే ఎత్తనీ.'

గురువారం సార్ లేకుండా వెళ్లాం. తవ్వే మిషన్ గేటు దగ్గరే నిలబడి ఉంది.

"సార్ మాట మీద ఆపినం మేడం. సారేడి?" అన్నాడు సూపర్‌వైజర్. చెప్పాను. తల దించుకుని, "జెర జల్ది చెయ్యున్రి" అన్నాడు మెల్లగా.

ఈసారి నాలుగు వందల మిల్లీసెకన్లు పెట్టాను. గడిలో 'తెలియదు కాబట్టి' అని రాశాను. దగ్గర్లోని పట్టాల మీద రైలు పోయేదాకా ఆగి, చెయ్యెత్తాను.

క్వారీ అడుగు వచ్చింది, నూట అరవై మిల్లీసెకన్ల దగ్గర. నేను వినడం ఆపేసిన చోటికి చాలా కింద. రెండో దెబ్బకీ అక్కడే, మూడో దెబ్బకీ అక్కడే. గోడ దాకా వెళ్లినా ఆ గీత పైకి లేవలేదు. అంటే క్వారీలో పోసిన మట్టి గోడ కిందుగా అవతలికీ సాగిందన్నమాట.

"తవ్వొద్దు" అన్నాను.

"తవ్వం మేడం. మరి వాళ్లు?" అంటూ సూపర్‌వైజర్ గోడవైపు చూశాడు.

గోడ అవతల అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. కింద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ నా చెయ్యి చూసి, నీళ్లు కారుతున్న చీర పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

"అయిపోయిందా మేడం? కదలొచ్చునా?"

నా చెయ్యి ఇంకా పైనే ఉంది.