జమానతు గుడ్డు

మట్మారిలో మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి, ఆమె పంపిన గుడ్లు రాయచూరులో మా ఇంట్లో పొదిగే మిషనులో ఉన్నాయి. పొద్దున్నే కోళ్ల గూడు తలుపు తీస్తూ అక్కడే కూలిపోయిందట. ఆ గూట్లో అప్పటికి ఒక్క కోడీ లేదు. కొక్కెర తెగులు వచ్చి అన్నీ పోయాయి. అయినా రోజూ పోయి తలుపు తీసేదట.

మీలో కొందరు ఆమె దగ్గర గుడ్లు తెప్పించుకున్నవాళ్లే. ఇంట్లో చిన్న మిషను పెట్టుకుని కోడిపిల్లల్ని లేపి, అవి పెద్దవి కాగానే కూర వండుకున్నవాళ్లే. తప్పు పట్టడం లేదు, నేనూ వండాను. కానీ ఆమె పెంచిన ఆ నల్లకాళ్ల జాతి కోళ్లు ఇప్పుడు, నాకు తెలిసినంతలో, మా మిషనులో ఉన్న గుడ్లలో తప్ప ఎక్కడా లేవు.

గుడ్లు కట్టడం ఆమెకు బాలింతను బండి ఎక్కించడమంత పని. ఒక్కో గుడ్డునూ పాత చీర పేలికలో చుట్టి, సన్నటి కొన కిందికి వచ్చేలా అట్ట గుంటల్లో నిలబెట్టి, సందుల్లో వరిపొట్టు కూరేది. కండక్టరుకు పెట్టె అప్పగిస్తూ, "భాయ్, జర సంభాల్కే! జాగర్త, లోపల పానాలున్నయి" అని బస్సంతా వినబడేలా అరిచేది. ఆ పెట్టెలు నా గాజుల కొట్టుకు వచ్చేవి, నేను వాటిని దూరపు బస్సులకు ఎక్కించేదాన్ని. పెట్టె చేరకముందే నాకు ఫోను వచ్చేది. "దించినంక ఒక పూట కదిలియ్యొద్దని చెప్పు వాళ్లకు. పయనం చేసొచ్చిన గుడ్డు నిమ్మళం కావాలె." మా అమ్మ పోయాక నా మీద అరిచే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఆ అరుపులకు నేను రుణపడి ఉన్నాను.

ఎన్ని గుడ్లు పంపినా అట్టలో ఒక గుంట ఖాళీగా ఉంచేది. ఆ గుంటలో ఉండాల్సిన గుడ్డుకు బొగ్గుతో చుక్క పెట్టి, తన పొదుగు కోడి కింద వేసుకునేది.

"గది జమానతు, నా పూచీ. నా తాన పిల్ల అయితే వాళ్ల తాన గూడ కావాలె. కాకుంటే తప్పు నాదే" అనేది.

పిల్ల బయటికి రాగానే ఫోను. బాగున్నావా అని కూడా అడగదు. "నాది అయింది. నీది చూస్కో పో."

ఈసారి పెట్టె నాకోసమే పంపింది. విప్పి చూస్తే అట్టలో ఖాళీ గుంట లేదు. బొగ్గుచుక్క గుడ్డు కూడా మిగతావాటి మధ్య నిలబడి ఉంది. వెంటనే ఫోను చేశాను.

"జమానతు గుడ్డు గూడ పంపినవేంది అత్తా?"

"పొదుగ ఏసేటందుకు కోడి యాడున్నది బిడ్డా? అన్నీ పాయె. ఇవి రోగం రాకముందు పెట్టినయే, భయపడకు."

"మరి ఈ తాప నాకు ఫోనెట్ల చేస్తవ్?"

"ఈ తాప నువ్వే చెయ్యి" అంది.

సరేనన్నాను. అదే మా చివరి మాట.

ఆమెను సాగనంపి మర్నాడు తిరిగొచ్చేసరికి మా వీధంతా కరెంటు లేదు. ఎప్పుడు పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. చలికాలం. మిషను మూత మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. మట్మారిలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కరెంటు వచ్చాక కూడా గుడ్లను వెలుగుకు పట్టి చూసే ధైర్యం నాకు చాలలేదు.

పిల్లలు కావలసిన రోజు నిన్ననే దాటిపోయింది. ఈ ఉదయం బొగ్గుచుక్క పక్కన సన్నటి పగులు కనిపించింది. లోపల్నుంచి టక్కుమని చిన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. మిగతా గుడ్లు ఉలకవు, పలకవు. చెయ్యి పెట్టి ఆ పెంకు ఒలిచేద్దామని ప్రాణం కొట్టుకుంది. "ముక్కు పెట్టి ఆగిందంటే ముట్టకు. ఊపిరి తీస్కుంటాంది" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. పగులు పెరగలేదు.

చేస్తానన్నాను కదా, అత్త నంబరుకే ఫోను చేశాను. ఎవరో ఛార్జింగులోనే వదిలేసినట్టున్నారు, తాళం వేసిన ఆ ఇంట్లో అది మోగుతూనే ఉంది. నేను పెట్టేయలేదు. ఒక చెవికి ఫోను ఆనించుకుని, రెండో చెవి మిషను మూతకు ఆనించాను.