మా ఆవిడ హిందీ, నా లెక్కలు

మేమిద్దరం ఒకే హైస్కూల్లో పనిచేస్తాం. నేను లెక్కలు, మా ఆవిడ హిందీ. కాపురం శ్రీకాకుళంలో, బడి శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో. ఒకే బండి మీద వెళ్లి వస్తాం. పెళ్లయిన చాలా ఏళ్లకు గాని ఇద్దరికీ ఒకే చోటికి బదిలీ దొరకలేదు. దొరికినప్పుడు ఎంత సంబరపడ్డానో, ఏడాది తిరక్కుండానే అంత కుళ్లుకున్నాను.

కారణం చెప్పుకోవడానికి చిన్నదే. తొమ్మిదో తరగతి పిల్లలు ఆవిడ హోంవర్కు ఏ రోజుది ఆ రోజు ఇచ్చేవారు. నాది ఇచ్చేవారు కాదు.

ఉదయం బండి స్టాండు వెయ్యకముందే ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి పుస్తకాల దొంతర ఆవిడ చేతుల్లో పెట్టేవారు. హెల్మెట్ తీస్తూ పక్కనే నిలబడ్డ నాకు ఒక నమస్కారం పడేసేవారు. నా పీరియడ్లో పుస్తకాలు అడిగితే సగం తలలు కిందికి వాలిపోయేవి. ఇంట్లో మరిచిపోయామనేవారు, కరెంటు పోయిందనేవారు. ఆ కరెంటు పోయిన ఇంట్లోనే హిందీ ఎలా రాశారని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే నా కడుపుమంట బయటపడుతుందని మింగేసేవాణ్ణి.

బెంచీ ఎక్కించాను. ఇవ్వనివాళ్ల పేర్లు బోర్డు మీద రాశాను. ఆఖరికి ఇళ్లకు ఫోన్లు చేశాను. చేపలు అమ్ముకుని అప్పుడే ఇల్లు చేరిన ఒక తల్లి నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "నానేటి సెయ్యను సారూ, దాన్ని లెక్కలకి కూకోబెట్టలేక సస్తన్నాను. ఆ హిందీ మేడమ్ గారిదైతే సెప్పకుండానే రాసేసుకుంటాది" అంది. ఫోను స్పీకరులో ఉంది. మా ఆవిడ అక్కడే బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండా ఇంకో చొక్కా అందుకుంది. నవ్వేసినా బాగుండేది.

మర్నాటి నుంచి స్టాఫ్‌రూంలో పేపరు అడ్డం పెట్టుకుని ఆవిడనే కనిపెట్టి చూశాను. ఆవిడ ఇచ్చేది నాలుగు వాక్యాలే. ఇంట్లో జరిగిందేదైనా హిందీలో రాసుకురావాలి. తప్పులు దిద్ది, కింద తనూ ఒక వాక్యం రాసేది. మా నానమ్మ కోడిపెట్ట మీద అలిగింది అని ఎవరో రాస్తే, మరి కోడిపెట్ట ఏమంది అని అడిగింది. ఖాళీ పీరియడ్లో కూర్చుని, ఇంటి బెల్లు కొట్టేలోగా ఎవరి పుస్తకం వాళ్లకు తిరిగి ఇచ్చేసేది. అందుకున్న పిల్లలు ఆ ఒక్క వాక్యం కోసం ఆత్రంగా పేజీలు తిప్పేవారు. నా దగ్గరి పుస్తకాలు వారాల తరబడి బీరువాలో పడి ఉండేవి.

అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న అసూయ పిల్లల మీదికి కూడా పాకింది. బండి మీద నా వెనక కూర్చున్న మనిషి పెరుగు ప్యాకెట్టు, గ్యాసు బుకింగు తప్ప మాట్లాడదు. ఎవరి ఇంటి కోడిపెట్టకో మాత్రం అంత తీరిగ్గా జవాబు రాస్తుంది. ఒక సాయంత్రం ఉండబట్టలేక, పిల్లలకు రాసే వాక్యాల్లో ఒకటి నాకూ చెప్పొచ్చు కదా అన్నాను.

"మీరు నాకేం చెప్పారని?" అంది వెనక నుంచి.

గాలికి వినపడనట్టు బండి నడిపాను.

తరవాత ఆవిడ పద్ధతినే కాపీ కొట్టాను. లెక్కల కింద, ఇంట్లో అందరూ కులాసాయేనా అని రాసి ఇచ్చాను. క్లాసంతా గుసగుసలు. నేను ఫోన్ చేసిన తల్లి కూతురే లేచి నిలబడింది.

"సార్, మాకు అలాగ రాయకండి. లెక్క ఎక్కడ తప్పు పోనాదో గీత గీసి, ఆ రోజే ఇచ్చెయ్యండి. సాలు."

మొహం మాడిపోయింది గాని, ఆ పిల్ల అడిగిందే చేశాను. రోజూ ఇచ్చే లెక్కలు మూడుకు తగ్గించాను. తప్పు మొదలైన మెట్టు దగ్గర గీత గీసి, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేవాణ్ణి. దీపావళి దాటేసరికి చాలామంది పుస్తకాలు వేళకు రాసాగాయి. అయినా ఆవిడ దొంతరే ఎత్తుగా ఉండేది. ఓరకంట చూసుకునేవాణ్ణి.

ఒక ఆదివారం చేపల కోసం బడి ఉన్న ఊరే వెళ్లాం. ఆ పిల్ల మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. రేపు వాళ్ల అక్కకు పెళ్లిచూపులట, తను బడికి రాదట. ఉండండి మేడమ్ అని ఇంట్లోకి పరుగెత్తి, హిందీ పుస్తకం తెచ్చి ఇచ్చేసింది.

"మరి నా లెక్కలో?" అన్నాను.

"మీవి మంగళవారం సార్" అంది, తడుముకోకుండా.

ఎప్పుడిస్తుందో చెప్పింది కదా, అదీ నయమే అని దారిలో మా ఆవిడ ఓదార్చింది. ఆ ఓదార్పుకి ఇంకా మండింది. శ్రీకూర్మం వచ్చేదాకా బండి జోరు తగ్గించలేదు.

మంగళవారం ఆ పిల్ల లెక్కలు తెచ్చింది. మూడూ ఒప్పే. ఆ సంగతి ఇంటికి వెళ్లేదాకా ఆగలేక, బండి మీదే వెనక్కి తిరిగి చెప్పాను. ముందు రోడ్డు చూడండి అంది మా ఆవిడ. శ్రీకూర్మం దాటాక, మూడో లెక్క ఏమిటని అడిగింది.