ఆంజప్ప తర్జుమా చేసిన నియోజకవర్గం

ఆంజప్పకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఒకరు చెప్పిన మాటను ఉన్నదున్నట్టు ఇంకొకరికి చేర్చలేడు. "అన్నం తిని పొమ్మను" అని చెప్పి పంపితే, "అన్నం తిని, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాల్చి పొమ్మన్నారు" అని చెబుతాడు. ఇలాంటి మనిషిని పోస్టాఫీసులో పెట్టి ఉంటే ఉత్తరాలు దారిలోనే పిల్లలు పెట్టేవి. దేవుడు తెలివైనవాడు కనుక ఆయన్ను తీసుకొచ్చి ఎన్నికల వేదిక మీద నిలబెట్టాడు.

తమిళనాడులోని ఉద్దనపల్లి చుట్టుపక్కల పల్లెల్లో మైకుసెట్టు ఉన్నది ఆంజప్పకే. నాయకులేమో కృష్ణగిరి అవతలి నుంచి తమిళంతో వస్తారు. వినేవి తెలుగు కుటుంబాలు. తెలుగులో చెప్పకపోతే ఓటు పడదని పార్టీ పెద్దలకు గట్టి నమ్మకం. అందుకని ఏ పార్టీ వచ్చినా మైకుసెట్టు ఆంజప్పదే, తర్జుమా ఆంజప్పదే.

ఈ నియోజకవర్గం చరిత్ర రాయాలనుకునేవాళ్ళు గెలిచినవాళ్ళ పేర్లు ఏరుకుంటూ తిరుగుతారు. అంత శ్రమ అక్కర్లేదు. ఏ ఊళ్ళో ఆంజప్ప ఏం కలిపాడో తెలుసుకుంటే చాలు.

చాలా ఏళ్ళ కిందట ఒక నాయకుడు గొల్లదొడ్డిలో చెయ్యెత్తి, మన విజయం వరదలా వచ్చి శత్రువులను ఊడ్చేస్తుందని తమిళంలో గర్జించాడు. ఆంజప్ప గొంతు సవరించుకున్నాడు.

"వరదొస్తే ఊరి ముందర వంక దాటలేకుండా ఉండారు కదా. దాని మీద మోరీ కట్టిస్తానంటా ఉండాడు ఈయప్ప."

ఈలలు మిన్నంటాయి. నాయకుడు గెలిచాడు. గొల్లదొడ్డి నుంచి వెంకటేశప్ప దండ పట్టుకుని వెళ్ళి, "మోరీ ఎప్పుడు మొదలుపెడతారు సామీ?" అని అడిగాడు. నాయకుడు సహాయకుడి వైపు తిరిగాడు.

"నేనలా అన్నానా?"

"అంత గట్టిగా ఈలలు వేశారంటే అనే ఉంటారు సార్."

ఇచ్చిన మాట గుర్తున్న నాయకుడే అరుదు. ఇవ్వని మాటను గుర్తుపట్టగలవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? వంక మీద మోరీ, అంటే చిన్న వంతెన, లేచింది.

ఆ తర్వాతి నాయకుడు మహా కోపిష్టి. ఎదుటి అభ్యర్థిని ఏడు తరాలు ఎత్తి తిట్టాడు. ఆంజప్ప అంతా ఓపిగ్గా విని, "ఎదుటాయన గూడా మంచోడే. అయినా ఈ తూరి నాకొక అవకాశం ఇచ్చి చూడండి, బడికి కొత్త పైకప్పు ఏపిస్తానంటా ఉండాడు" అన్నాడు. అంత భయంకరంగా తిడుతుంటే జనం ఎందుకంత ముచ్చటగా చూస్తున్నారో ఆ నాయకుడికి చివరిదాకా అర్థం కాలేదు. పక్క నియోజకవర్గాల్లో ఎన్నికలొస్తే తలలు పగిలేవి. ఇక్కడ బందోబస్తుకు వచ్చిన పోలీసులు కునుకు తీసి వెళ్ళేవారు.

ఒకసారి పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ ఒకే ఊళ్ళో సభ పెట్టాయి. ఇద్దరు నాయకులూ ఒకే చోట బోరు వేయిస్తామన్నారు, తెలుగులో. ఎవరు గెలిచినా ఊరే గెలిచింది. మా హామీని కాపీ కొట్టారని రెండు పార్టీల వాళ్ళూ వచ్చి ఆంజప్పకే మొరపెట్టుకున్నారు.

"మంచి ఆలోచన ఇద్దరికీ ఒకే పూట వస్తాదప్పా" అని ఓదార్చి పంపాడు.

రెండు మాటలకు అంత పొడుగు తర్జుమా ఎందుకని అడిగినవాళ్ళకు మాత్రం ఆయన జవాబు ఒకటే. "తెలుగు వెడల్పయిన భాషప్పా. తమిళంలో మడిచి పెట్టింది ఈడ పరిస్తే అంతవుతాది."

ఆయనకు తిండియావ కూడా ఉందని ప్రతీతి. మైకు హారన్లు కట్టడానికి ఒక పూట చాలు. ఆంజప్ప మాత్రం ముందురోజే ఊళ్ళో దిగి, ఇల్లిల్లూ తిరిగి రాగిముద్ద తినేవాడు.

ఇలా సాగుతున్న చరిత్రలోకి ఈమధ్యే లోకనాథ్ వచ్చాడు. కొత్త అభ్యర్థి నళినికి ఆయన ఎన్నికల ఏజెంటు. హోసూరు మనిషి, రెండు భాషలూ వచ్చినవాడు. నళిని ఆయనకు ముందే గట్టిగా చెప్పింది. "చేయలేనిది ఒక్కటి కూడా మన నోట రాకూడదు. చెప్పి చేయకపోతే మళ్ళీ ఆ ఊళ్ళకు నా ముఖం చూపించలేను." పాపం, ఆమెకు మైకుసెట్టు సంగతి తెలియదు.

సభ గొల్లదొడ్డిలో. ఆ ఊరి బడి ఎనిమిదో తరగతితో సరి. హైస్కూలు ఉద్దనపల్లిలో ఉంది. బస్సేమో మెయిన్ రోడ్డు మీదే పోతుంది, ఊళ్ళోకి రాదు. నాగక్క మనవరాలు ఆశ ఎనిమిది పూర్తిచేసింది. బస్సు రాకపోతే జూన్ నుంచి గొర్రెల వెంట పోవడమే.

నళిని మైకు అందుకుని, నేను మీ ఇంటి ఆడబిడ్డను, మీ ఇంటి దీపాన్ని అంది తమిళంలో.

ఆంజప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆడబిడ్డనంటా ఉంది. మన ఆడబిడ్డలు హైస్కూలుకు పోవాల కదా. జూన్ నుంచి పొద్దున్నే ఊళ్ళోకి బస్సు పంపిస్తానంటా ఉంది."

లోకనాథ్ ఆంజప్ప చెవి దగ్గరికి వంగి, "ఏమయ్యా, బస్సు మాట ఆయమ్మ యాడ చెప్పింది?" అని గొణిగాడు. ఆంజప్ప చెవి పక్కనే మైకు ఉంది. ఆ గొణుగుడు నాలుగు హారన్లలోంచి ఊరంతా మోగింది.

ఏమైందని నళిని అడిగింది. లోకనాథ్ దాచలేక చెప్పేసి, మైకు లాక్కున్నాడు. "అమ్మ బస్సు మాట చెప్పలేదు. ఆంజప్ప సొంతంగా కలిపినాడు."

"తెలుసులేప్పా" అంది నాగక్క, కూర్చున్నచోటు నుంచే.

"తెలుసా?"

"తమిళం రానోళ్ళు ఈ ఊళ్ళో ఎవరుండారు? సంతలో తమిళం, కంపెనీలో తమిళం, టీవీలో తమిళం. ఆయమ్మ దీపం అనింది. మాకూ వినపడింది."

"మరి ఇన్నేండ్లు తర్జుమా ఎందుకు విన్నారు?"

"తర్జుమా కాదప్పా, అది మా అర్జీ. పెద్దోళ్ళ ముందర నిలబడితే మాకు నోరు పెగల్దు. అందుకే ఈయన ముందురోజే వచ్చి, ముద్ద తింటా, ఈ తూరి ఏం చెప్పించేదని ఇల్లిల్లూ అడిగిపోతాడు. మోరీ మా అత్త చెప్పింది. బస్సు నేను చెప్పినాను." ఆగి, ఆంజప్ప వైపు చూసింది. "గంగప్పోళ్ళ ఇంట్లో రెండో ముద్ద తినింది మాత్రం ఊరి కోసం కాదు."

జనం గొల్లుమన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆంజప్పకు కలపడానికి మాట దొరకలేదు. ఆంప్లిఫయరు మరలు తిప్పుతూ తల దించుకున్నాడు.

నాగక్క మాటలు లోకనాథ్ తమిళంలో చెప్పినా నళిని నవ్వలేదు. ఆమె నాగక్క పక్కన కూర్చున్న ఆశనే చూస్తోంది. "ఊళ్ళోకి బస్సు రాగలదా?" అని లోకనాథ్‌ను అడిగింది.

రాదని చెప్పి బయటపడదామనుకున్నాడు లోకనాథ్. కానీ వచ్చిన దారి గుర్తొచ్చింది. "వంక మీద మోరీ ఉంది మేడం" అన్నాడు. "వస్తుంది."

నళిని మైకు తీసుకుని కూడబలుక్కుంటూ తెలుగులోనే చెప్పింది. "పొద్దున... బస్సు వస్తుంది. ఇది నేనే చెప్పినాను."

అందరూ ఆంజప్ప వైపు తిరిగారు. ఆయన లేచి గొంతు సవరించుకుని, పొద్దున బస్సు వస్తుంది, సాయంత్రం అదే బస్సు పిల్లలను తిరిగి తెచ్చి దించుతుంది అని చక్కటి తమిళంలో ప్రకటించాడు.

"వెడల్పయింది తెలుగే అంటివి కదయ్యా" అన్నాడు లోకనాథ్.

"పోయిన పిల్లోళ్ళు ఇంటికి రావద్దా అప్పా?"

నళిని గెలిచింది. జూన్‌లో బస్సు మోరీ దాటి గొల్లదొడ్డిలోకి వచ్చింది. ఊరంతా దానికి పసుపు కుంకుమ పెట్టింది. ఆశ కిటికీ పక్కన కూర్చుంది. పని ఏమీ లేకపోయినా ముందు సీట్లో ఆంజప్ప ఉన్నాడు. మొదటి రోజు కదా అని లోకనాథ్ కూడా ఎక్కాడు.

బస్సు కదలబోతుంటే ఆంజప్ప కండక్టరును పిలిచాడు. "ఇదో అప్పా, సాయంత్రం నాగక్క ఇంటి ముందర గూడా ఒక నిమిషం ఆపమని ఎమ్మెల్యేగారు చెప్పినారు."

కండక్టరు అనుమానంగా లోకనాథ్ వైపు చూశాడు.

లోకనాథ్ గొంతు సవరించుకున్నాడు. "అవును, చెప్పినారు. వానొస్తే రెండు నిమిషాలు ఆపమన్నారు."