గోరింటాకు పెట్టిన జెండా

ఇవాళ పక్కింట్లో గోరింటాకు నూరుతుంటే, ఆ పచ్చివాసనకు చదువుతున్న పుస్తకం మూసేశాను. స్వతంత్రం వచ్చిన రోజు మీ ఇంటి జెండా ఎవరు చేశారో గుర్తుందా? నరసరావుపేటలో మా ఇంటి జెండా నేనే చేశాను, ఎనిమిదేళ్ళప్పుడు.

అంతకు నాలుగేళ్ళ ముందు అన్నయ్య జైల్లో జ్వరంతో పోయాడు. వాడి ఖద్దరు కండువాను అమ్మ పెట్టెలోంచి తీసి నాకిచ్చింది. కాషాయం కోసం పైభాగానికి పసుపు, సున్నం కలిపి రాశాను. కింద ఆకుపచ్చ కోసం గోరింటాకు మెత్తగా నూరి రెండు చేతులతో పట్టించాను.

తెల్లారి ఎండిన ఆకు దులిపితే ఆకుపచ్చ లేదు. కర్ర తెచ్చిన పక్కింటి బాబాయి నవ్వాడు.

"ఏందే ఇది? గోరింటాకు పండుద్దని కాన్వెంటులో చెప్పలేదా? రెండు పక్కలా ఎరుపే!"

అమ్మ నవ్వలేదు. "కట్టవయ్యా. వాడిది ఇంకో కండువా లేదు" అంది.

బాబాయి జెండాను కర్రకు కట్టి నిలబెట్టాడు. అందరూ పైకి చూశారు. అమ్మ మాత్రం నా చేతులు చూసింది. అన్నయ్య పోయాక ఆషాఢంలో కూడా మా ఇంట్లో ఎవరి చేతులూ పండలేదు.

"చానా బాగా పండినయ్యే" అంది.

నాకు ఏడుపు రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.