సుగుణ సిస్టరు నేర్పిన భయం

మొన్న రక్తపరీక్షకు వెళ్తే అక్కడి అమ్మాయి నా మోచేతి మడతలో స్పిరిట్ దూది రుద్దింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే గుండె దడదడలాడింది. నేను సూదికి భయపడుతున్నాననుకుందేమో, "ఏం నొప్పుండదు ఆంటీ" అంది. నాకు సూదంటే భయం లేదు. ఆ వాసన నన్ను తిన్నగా బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు, మా క్వార్టర్‌కు మూడిళ్ల అవతల ఉండిన సుగుణ సిస్టరు వరండాలోకి తీసుకుపోయింది. రైల్వే ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చాక కూడా ఆమె చేతులు అలాగే వాసన వేసేవి. ఆ చేతులతోనే ఆమె నాకు షేర్లు కొనడం, అమ్మడం నేర్పింది.

మా తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన కుటుంబం మాది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న బాయిలర్ షాపులో ఫిట్టర్. నేను గోల్ బజార్‌లో ఒక టైపు స్కూల్లో పిల్లలకు టైపు నేర్పేదాన్ని. పెళ్లి చేసుకోకుండా ఒంటరిగా ఉండే సుగుణ సిస్టరు ఎనభైల చివర్లో ఒక ఆదివారం చర్చి అయ్యాక నన్ను పిలిచి, ఏవో కంపెనీలకు ఉత్తరాలు టైపు చేసి పెట్టమంది. వార్షిక నివేదిక పంపమని ఒకరికి, డివిడెండు చెక్కు రాలేదని ఇంకొకరికి. ఆమె బల్ల మీద ఆసుపత్రిలో రోగి మంచానికి తగిలించే జ్వరం చార్టులు కనిపించాయి. గీతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి.

"ఇయ్యేటి సిస్టర్, ఎవురికి జొరం?" అని అడిగాను.

"కంపెనీలకే పిల్లా. వారానికోసారి పేపర్లో రేటు సూసి గీస్తాను. మరీ బేగి ఎక్కిపోతంటే సంతోషమేటి? నర్సుకి భయమెయ్యాల" అంది నవ్వకుండా.

ప్రతి చార్టు వెనక రెండు ముక్కలు రాసి ఉండేవి. ఎందుకు కొన్నదీ, ఏం జరిగితే అమ్మేస్తుందీ. కొనే ముందే రాసేది. "కొన్నాక మనసు అబద్ధాలు సెప్తాది. అందుకని ముందే రాసుకోవాల" అనేది.

ఆమె ఇంటి గోడకు అద్దం కట్టించిన షేరు సర్టిఫికెట్ ఒకటి వేలాడేది. ఆమె మొట్టమొదట కొన్నది అదే. ఆసుపత్రిలో ఒక డాక్టరు చెప్పాడని కొత్త కంపెనీ షేర్లకు దరఖాస్తు పెట్టిందట. ఆ కాగితం వచ్చి ఏడాది దాటినా కంపెనీ నుంచి ఇంకే కబురూ లేకపోతే సెలవు పెట్టి ఆ ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లింది. ప్రహరీ గోడ, గేటు, లోపల మోకాలెత్తు గడ్డి, మేస్తున్న నాలుగు ఆవులు. "కొన్నాక ఎల్లి సూసినాను. కొనకముందు సూడాల" అని ఆ కాగితం వైపు చూసింది. అప్పుడు ఆమె ముఖంలో కనిపించింది కోపం కాదు. చాలా ఏళ్ల కిందటి దడ.

ఒక సాయంత్రం నన్ను గోల్ బజార్‌లో కిరాణా దుకాణాల వెంట తిప్పింది. టార్చి బ్యాటరీలు చేసే ఒక కంపెనీ మీద ఆమె కన్ను పడింది. దుకాణదారును బెంగాలీలో అడిగింది: "దాదా, ఈ కంపెనీ వాళ్లు సరుకు నగదుకే ఇస్తారా, అరువు మీద ఇస్తారా?" అడగకుండానే అరువిచ్చి పెట్టెలు దించిపోతున్నారని అతను చెప్పాడు. మూడు దుకాణాల్లోనూ అదే జవాబు. బయటికి వచ్చి నాతో అంది: "నివేదికలో అమ్మకాలు పెరిగినాయని రాసినారు. ఆ పెట్టెలన్నీ ఇక్కడ దుమ్ము కొట్టుకుంటన్నాయి. మనకొద్దు." అలా ఆమె కొన్నవాటికంటే వద్దనుకున్నవే ఎక్కువ. ఒక్క కంపెనీలో తన డబ్బులో ఐదో వంతుకు మించి పెట్టేది కాదు. ఎవరైనా చెప్పిన షేరును ఆ వారం ముట్టుకునేది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఐదేళ్లలోపు అవసరపడే డబ్బును షేర్ల బజారు దరిదాపులకు రానిచ్చేది కాదు.

ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా తప్పాను.

తొంభైల మొదట్లో ఖరగ్‌పూర్‌లో ఎవరి నోట విన్నా షేర్లే. వర్క్‌షాపు క్యాంటీన్లో, చర్చి మెట్ల మీద, కటింగ్ షాపుల్లో. నాన్న రిటైరయ్యాడు. కొద్ది నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊరి చివర కొన్న చిన్న జాగాలో రెండు గదుల ఇల్లు కట్టాలని సున్నంతో గీతలు గీయించి ఉంచాడు. ఇంటి డబ్బు ఇద్దరి పేరా బ్యాంకులో ఉంది. బజార్లో కొత్తగా గది తెరిచిన ఒక ఏజెంటు నెలలో రెట్టింపు అవుతుందని ఒక సిమెంటు కంపెనీ పేరు చెప్పాడు. నాన్నకు చెప్పకుండా, సిస్టరును అడగకుండా, సగం తీసి మొత్తం అందులోనే పెట్టాను. మూడో గది కూడా వేయించి నాన్నను ఆశ్చర్యపరచాలనుకున్నాను. కాగితాలు నా పేరు మీదకు మారి వచ్చేసరికి రేటు నిజంగానే చాలా పెరిగింది. అప్పుడూ అమ్మలేదు.

తర్వాత పడటం మొదలైంది. ఒకరోజు పడి ఆగుతుందనుకుంటే మర్నాడూ పడింది. కొన్ని రోజులు షేర్ల బజారే మూసేశారన్నారు. ఏజెంటు గదికి తాళం. గది ముందు నాలాంటి వాళ్లు ఇరవై మంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. సైకిల్ గంట వినిపిస్తే నాన్నకు ఎవరో చెప్పడానికి వచ్చారని గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. టైపు మిషను మీద వేళ్లు తప్పు అక్షరాల మీద పడేవి. నాన్న సిమెంటు బస్తాల ధర గురించి మాట్లాడుతుంటే ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

చివరికి సిస్టరు దగ్గరికి వెళ్లి కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆమె ఒక్కో కాగితం తిప్పి వెనక వైపు చూసింది.

"ఎందుకు కొన్నావో ఏటి రాసినావు?"

"ఏటీ రాయనేదు. అందరూ కొంటన్నారని కొన్నాను."

"మరిప్పుడు అందరూ అమ్ముతున్నారు."

"ఇంకో వారం ఆగితే మళ్లీ ఎక్కుతాదేమో సిస్టర్."

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఒక్క మాట సెప్పు ఎస్తేరూ. ఈ రోజు నీ సేతిలో ఈ కాగితాలు కాదు, డబ్బున్నాది. ఈ రేటుకి ఈ షేరు కొంతావా?"

"కొనను" అన్నాను. ఆ మాట నా నోట వచ్చాక గానీ నాకే తెలియలేదు.

"మరెందుకు ఉంచుకున్నావు?"

మర్నాడు ఇద్దరం పొద్దుటి లోకల్లో హౌరా వెళ్లాం. ఆమెకు తెలిసిన బ్రోకరు ఆఫీసులో ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఒక పెద్దాయన గోడకు తల ఆనించి నిలబడ్డాడు. బ్రోకరు బదిలీ ఫారాలు నా ముందుకు తోశాడు. సంతకం పెట్టాను. కొన్నప్పుడు నేను పెట్టిన పాత సంతకంతో పోల్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది కలవదు దీదీ. కంపెనీ తిప్పి పంపుతుంది." ఇంకొకటి పెట్టాను. నా చేయి అక్షరాలను గీతలుగా మారుస్తోంది. అలా తిరిగి వస్తే నెలలు పడుతుంది. అప్పటికి ఏమీ మిగలదు. సిస్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది. ఆ గోలలో ఆమె పెదవులు మాత్రం అంకెలు పలుకుతున్నాయి. "ఇప్పుడు పెట్టు" అంది కొంతసేపటికి. ఆ సంతకం కలిసింది.

పెట్టినదాంట్లో సగానికి కొంచెం తక్కువ చేతికొచ్చింది. ఆ షేరు ఆ తర్వాతా పడి, చివరికి ధర అడిగేవారే లేకుండా పోయింది.

తిరుగు బండిలో ఆమె కిటికీ వైపు చూస్తూ అంది: "నాకూ భయంగానే ఉన్నాదే. నీకీ దారి సూపించింది నేనే గదా. మీ నాన్నకి ఏటని సెప్పను?" అంతవరకు ఆమెకు భయమే ఉండదనుకున్నాను. "కొనే ముందర భయపడాల. అప్పుడైతే అది మనకి పని సేస్తాది. కొన్నాక వొచ్చిన భయం మన సేత పని సేయించుకుంతాది" అంది.

ఇద్దరం కలిసే చెప్పాం. నాన్న అంతా విన్నాడు. "ఇంకేటైనా దాసినావా పాపా?" అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. మర్నాడు నన్ను జాగా దగ్గరికి తీసుకెళ్లాడు. రెండో గదికి గీసిన సున్నం గీతను కాలితో నెమ్మదిగా చెరిపాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

సిస్టరు రిటైరై విజయనగరంలో చెల్లెలి దగ్గరికి వెళ్లింది, అక్కడే పోయింది. నేను రెండేళ్లు షేర్ల జోలికి పోలేదు. తర్వాత ఆమె పద్ధతిలో, నా జీతంలో మిగిలిన దాంతో, మళ్లీ మొదలుపెట్టాను. నెమ్మదిగా పెరిగింది. కొన్నిసార్లు పోయింది కూడా. కానీ పోయినప్పుడు అది ఎవరి గదీ కాదు.

ఇప్పుడు కాగితాలు లేవు, సంతకాలు లేవు. ఫోన్లో వేలు ఆనిస్తే చాలు. అందుకే ఇంకా భయం. బజారు పడిన రోజు నేను నిబ్బరంగానే ఉంటాను. బాగా ఎక్కిన రోజు, అందరూ నవ్వుతూ నాకు ఫోన్ చేసిన రోజు, నా అరచేతులు చెమరుస్తాయి. ఆ చెమట ఆరేదాకా ఏదీ కొనను.